రిపేర్ తర్వాత బ్రేక్ డిస్క్ ఒక పక్కే అరిగిందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

కొల్లాపూర్ నుంచి మాట్లాడుతున్నా. నాకు మెసేజ్‌లలో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. "అన్నా, కారు రిపేర్ చేయించి మూడు నెలలే అయింది. ముందు చక్రాల్లో ఒక డిస్క్ గీతలు పడి అరిగిపోయింది, రెండోది కొత్తదాని లెక్కనే ఉంది. డిస్క్ నాసిరకమా? మళ్లీ కొనాలా?"

జవాబు ముందే చెప్పేస్తా. చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు. డిస్క్ ఇక్కడ సాక్షి మాత్రమే. దాన్ని అరగదీసింది ఇంకోటి. ఆ ఇంకోదాన్ని పట్టుకోకుండా కొత్త డిస్క్ వేస్తే, అది కూడా అట్లనే అరుగుతది.

ఇది డబ్బు గొడవ ఒక్కటే కాదు. మన దగ్గర్నుంచి చాలామంది మన్ననూరు మీదుగా శ్రీశైలం పోతారు. ఈగలపెంట దాటినంక డ్యామ్ దాకా మలుపులతో దిగుడే దిగుడు. పట్టుకుపోయిన బ్రేక్‌తో, నిండా మనుషులతో అక్కడ దిగితే ఆ చక్రం విపరీతంగా వేడెక్కుతది. బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ కింది దాకా పోతుంది, బండి ఆగదు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. కానీ గాలిలోని తేమ పీల్చుకుంటే ఆ హద్దు 140 దాకా పడిపోవచ్చు. అందుకే ఆయిల్ రెండేళ్లకోసారి మార్చమంటారు.

ముందు పని ఎట్ల జరుగుతుందో చూద్దాం. మన చిన్న కార్లలో చాలావాటికి క్యాలిపర్‌లో పిస్టన్ ఒకటే ఉంటది, అదీ లోపలి పక్క. పెడల్ తొక్కితే పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్క్ మీదకు నెడుతుంది. అప్పుడు క్యాలిపర్ మొత్తం రెండు పిన్‌ల మీద జారి బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొస్తుంది. కాలు తీయగానే పిస్టన్ సీల్ దాన్ని కొద్దిగా వెనక్కి లాగుతుంది. అంటే పిస్టన్ కదలాలి, పిన్‌లు జారాలి, ఆయిల్ వెనక్కి రావాలి. ఈ మూడింట్లో ఏది ఆగినా అరుగుదల తేడా వస్తది.

ఇప్పుడు అసలు పని. మూడు పోలికలు చేయండి.

మొదటిది, ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ. ఒక చక్రంలో రెండు ప్యాడ్‌లూ దాదాపు సమానంగా అరిగి, ఎదుటి చక్రంలో మాత్రం మందంగా ఉంటే, అరిగిన పక్క బ్రేక్ వదలట్లేదని అనుమానించండి. లేదంటే రెండో పక్క అసలు పట్టట్లేదు. బ్రేక్ తొక్కకుండానే బండి ఒక పక్కకు లాగుతుంటే, ఆ పక్క చక్రమే పట్టుకుని ఉండొచ్చు. టైరు గాలి, అలైన్‌మెంట్ వల్ల కూడా లాగుతది, కాబట్టి ముందు గాలి చూసుకోండి.

రెండోది, అదే చక్రంలో లోపలి ప్యాడ్‌కీ బయటి ప్యాడ్‌కీ. లోపలిది బాగా అరిగి బయటిది మందంగా ఉంటే పిస్టన్ వెనక్కి రావట్లేదు, లేదా పిన్‌లు జారట్లేదు. బయటిదే ఎక్కువ అరిగితే దాదాపుగా పిన్‌ల పనే. ప్యాడ్ ఒక చివర సన్నగా, ఇంకో చివర లావుగా ఏటవాలుగా అరిగితే ఒక పిన్ బిగిసింది, లేదా ప్యాడ్ బ్రాకెట్‌లో ఇరుక్కుంది. బయట నుంచి చక్రం సందులోంచి కనపడేది బయటి ప్యాడ్ ఒక్కటే. అది బాగుందని సంబరపడొద్దు. లోపలిది ఇనుము తేలి ఉండొచ్చు.

మూడోది, ఒకే డిస్క్ మీద చుట్టూ. దీన్ని కంటితో చూడలేం, మైక్రోమీటర్‌తో ఏడెనిమిది చోట్ల మందం కొలవాలి. పెడల్ తొక్కినప్పుడు కాలి కింద టకటకా కొట్టుకున్నట్టు, స్టీరింగ్ ఊగినట్టు ఉంటే ఇదే చూడాలి.

ఇప్పుడు రిపేర్‌కీ దీనికీ సంబంధం ఏంటో ఒక కేసుతో చెప్తా. నా దగ్గరకు ఒక కారు వచ్చింది. వేరే ఊళ్లో యాక్సిల్ బూట్ మార్పించారు. బ్రేక్ పని ఏమీ చేయించలేదు. కొన్ని వారాల తర్వాత ఎడమ డిస్క్ నీలం రంగు తిరిగింది, ప్యాడ్‌లు రెండూ అయిపోయినయ్. "బ్రేక్ ముట్టుకోనే లేదు కదా" అని ఓనర్ అనుమానం. కానీ ఆ పనికి క్యాలిపర్ విప్పి పక్కన పెట్టాలి. దాన్ని తీగతో కట్టకుండా రబ్బరు హోస్ మీద వేలాడదీస్తే, హోస్ లోపలి పొర చిరగొచ్చు. పైకి ఏమీ కనపడదు. కాలి బలానికి ఆయిల్ లోపలికి పోతుంది, వెనక్కి రావాల్సినప్పుడు ఆ చిరిగిన పొర అడ్డం పడుతుంది.

దాన్ని ఎట్ల పట్టుకున్నామంటే, చక్రం లేపి బ్రేక్ తొక్కి వదిలాం. చక్రం తిరగలేదు. క్యాలిపర్ మీద ఉండే బ్లీడర్ నిపుల్ కొంచెం వదులు చేయగానే ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయింది. అంటే లోపల ప్రెషర్ ఆగిపోయింది. నిపుల్ తీసినా చక్రం తిరగకపోతే పిస్టనో పిన్నో బిగిసినట్టు. ప్రెషరే అని తేలినంక, హోస్‌కి పైన ఉన్న ఇనుప పైపు జాయింట్ వదులు చేసి మళ్లీ చూడాలి. అక్కడ వదులు చేసినా చక్రం ఫ్రీ కాకపోతే తప్పు హోస్‌ది. ఫ్రీ అయితే పైన మాస్టర్ సిలిండర్ వైపు చూడాలి. మా కేసులో హోసే. ఇది మాత్రం మీరు ఇంట్లో చేయొద్దు ఫ్రెండ్స్. గాలి పోతే మొత్తం బ్లీడింగ్ చేయాలి.

ఇంకో మాట చాలా షెడ్డుల్లో వినపడతది. "నేను ఇచ్చిన రోజు బండి బాగానే ఉంది కదా!" నిజమే, బాగానే ఉండొచ్చు. కొత్త డిస్క్ వేసేటప్పుడు హబ్ మీద తుప్పు తుడవకపోతే డిస్క్ వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటది. హబ్ కంటే డిస్క్ వెడల్పు కాబట్టి ఆ వంకర అంచుకి వచ్చేసరికి ఇంకా పెరుగుతది. చాలా కార్లకు కంపెనీ ఒప్పుకునే ఊగు మిల్లీమీటరులో పదో వంతు కూడా దాటదు. మొదట్లో మీకు ఏమీ తెలియదు. కానీ చక్రం తిరిగిన ప్రతిసారీ డిస్క్ మీద అదే చోటు ప్యాడ్‌కి రాసుకుంటూ సన్నబడుతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఊపు మొదలవుతుంది. అందరూ "డిస్క్ వేడికి వంగింది" అంటారు. చాలావరకు వంగింది కాదు, మందం తేడా వచ్చింది. ఎయిర్ గన్‌తో వీల్ బోల్టులు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగించినా ఇదే కథ.

మీరు మీ చేత్తో చేయగలిగింది ఇది. సోమశిల రోడ్డు మీద కాసేపు మామూలుగా నడపండి. చివర్లో బ్రేక్ ఎక్కువ తొక్కకుండా బండిని మెల్లగా ఆగనివ్వండి. దిగి, చక్రాలను ముట్టుకోకుండా ఒక్కో రిమ్ దగ్గర అరచేతి వెనక భాగం పెట్టి చూడండి. ముందు రెండింట్లో ఒకటి మాత్రమే సెగ కొడుతుంటే బండి షెడ్డుకు తీసుకుపోండి. ముందు చక్రాలు వెనకవాటికంటే వేడిగా ఉండటం మామూలే. వాన పడ్డ తెల్లారి డిస్క్ మీద ఎర్రగా తుప్పు పొర కనపడటం కూడా మామూలే, నాలుగు బ్రేకులకు పోతుంది.

షెడ్డులో గొడవ పడకుండా ఇట్ల అడగండి. "అన్నా, డిస్క్ పెట్టే ముందు హబ్ వైర్ బ్రష్ కొట్టిండ్రా? పిన్‌లు బయటకు తీసి బ్రేక్ గ్రీజు పెట్టిండ్రా? పై పిన్, కింది పిన్ తారుమారు కాలేదు కదా? హోస్ మెలిక పడలేదు కదా?" మామూలు గ్రీజు పెడితే పిన్ రబ్బర్లు ఉబ్బి బిగిసిపోతాయి. చివర్లో బోల్టులు టార్క్ పానాతో, ఎదురెదురుగా బిగించమనండి. ఎంత టార్క్ అనేది మీ కారు మాన్యువల్‌లో ఉంటది.

విప్పిన ప్యాడ్‌లు పారేయనివ్వొద్దు. నాలుగింటినీ ఏ పక్కది ఆ పక్కన పేర్చి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. డిస్క్ అంచు మీద కనీస మందం అంకె పోతపోసి ఉంటది, అదీ ఫొటో తీయండి. కొలిచిన మందం ఆ అంకె కంటే తక్కువ ఉంటే డిస్క్ మార్చాల్సిందే, లేత్ మీద ఫేసింగ్ కొట్టించడం కుదరదు. మారిస్తే రెండు పక్కలా జతగా మార్చండి. కానీ ముందు కారణం, తర్వాతే డిస్క్.

మీ దగ్గర ఉన్న ప్యాడ్‌ల ఫొటోలు కామెంట్‌లో పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని తీసుకుని అరుగుదల చూసి కారణం చెప్పుకుందాం. ఉంటా మరి.