ఎండ ముదిరితే కరెంటు తీగకేమవుతుంది?

"అమెరికాలో కూడా కరెంటు పోతుందా అండీ?" అని కొత్తగా టెక్సస్ వచ్చినవాళ్లు వేసవిలో అడుగుతుంటారు. పోతుంది. ఎందుకు పోతుందో ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నాం. డ్యూటీ వల్ల వినడం కుదరని వాళ్ల కోసం ముఖ్యమైన సంగతులు ఇక్కడ.

ముందు తీగ సంగతి. పెద్ద టవర్ల మీది తీగల్లో ఎక్కువవాటికి మధ్యలో ఉక్కు, చుట్టూ అల్యూమినియం ఉంటాయి. వేడెక్కితే లోహం సాగుతుంది, తీగ కిందికి వేలాడుతుంది. దాన్ని వేడెక్కించేవి రెండు: పైన ఎండ, లోపల పారే కరెంటు. గాలి తగిలితే ఆ వేడి పోతుంది. బయట 42 డిగ్రీలుండి, గాలి కూడా ఆడకపోతే వేడి పోయే దారి తగ్గుతుంది. అప్పుడు అదే తీగలో తక్కువ కరెంటే పంపాలి. చిక్కంతా ఇక్కడే: తీగ తక్కువ మోసే రోజే మనమంతా ఏసీలు వేస్తాం.

వేలాడిన తీగ చెట్టుకి తగిలితే ఏమవుతుందో 2003 ఆగస్టు 14న ఒహాయోలో తెలిసింది. గంట కూడా గడవకముందే మూడు 345 కిలోవోల్టుల లైన్లు చెట్లకి తగిలి ఆగిపోయాయి. నిజానికి ఆ మూడూ పరిమితి దాటి కరెంటు మోయడం లేదు; కింద చెట్లు కొట్టకుండా వదిలేశారు, అంతే. ఒక లైను పడితే దాని బరువు పక్క లైను మీద పడుతుంది. కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ కూడా పనిచేయలేదు. సాయంత్రానికి న్యూయార్క్ నుంచి కెనడాలోని టొరంటో దాకా సుమారు 5 కోట్ల మందికి కరెంటు లేదు.

ఇక టెక్సస్. 2023 ఆగస్టు 10న ఇక్కడి గ్రిడ్ వాడకం 85,508 మెగావాట్లకి చేరింది, అప్పటికి అదే రికార్డు. కానీ అసలు గండం సెప్టెంబరు 6 సాయంత్రం 7:25కి వచ్చింది. సూర్యుడు దిగి సోలార్ తగ్గిపోతోంది, ఏసీలు మాత్రం తగ్గలేదు. దక్షిణాన తయారయ్యే కరెంటుని పైకి తేవడానికి లైన్ల పరిమితి అడ్డొచ్చింది. గ్రిడ్ నడిపే ఎర్‌కాట్ సంస్థ ఎమర్జెన్సీ ప్రకటించింది. కోతలు పెట్టకుండానే గట్టెక్కారు.

మీ వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్‌కీ ఇదే బాధ. రాత్రి చల్లబడితే అది కోలుకుంటుంది. రాత్రిళ్లూ వేడి తగ్గకపోతే లోపలి ఇన్సులేషన్ త్వరగా పాడవుతుంది.

మరి మనం చేయాల్సింది? టెక్సస్‌లో చాలాచోట్ల బిల్లు పంపే కంపెనీ వేరు, తీగలు చూసే కంపెనీ వేరు. డల్లాస్ వైపు తీగలు ఆన్‌కార్‌వి, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్‌వి. కరెంటు పోతే ఫోన్ చేయాల్సింది తీగల కంపెనీకి. ఆ నంబరు మీ బిల్లు మీదే ఉంటుంది. ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ లాంటివి వాడేవాళ్లుంటే, డాక్టరుతో ఫారం నింపించి క్రిటికల్ కేర్ కింద నమోదు చేయించండి. అయితే నమోదు చేసినంత మాత్రాన కరెంటు పోదని హామీ లేదు. బ్యాటరీయో, వెళ్లి ఉండడానికి స్నేహితుల ఇల్లో ముందే చూసుకోవాలి.

తీగ తెగి కింద పడి కనిపిస్తే దగ్గరికి వెళ్లొద్దు, పిల్లల్ని వెళ్లనివ్వొద్దు. దూరంగా ఉండి 911కి ఫోన్ చేయండి.