తరాయి అడవులలో రాజమృగయ

మృగయను మనుస్మృతి కామజములైన పది వ్యసనములలో మొదట లెక్కించినది. మన ప్రబంధకవులు, మనుచరిత్రమున స్వరోచి వేటయందువలె, దానినే నాయకుని పరాక్రమమునకు నిదర్శనముగా వర్ణించిరి. ఆంగ్లేయుల ప్రాభవకాలమున ఈ వినోదము రాజనీతికిని సాధనమైనది. నేపాళమున తరాయి ప్రాంతమందలి చిత్వన్ అడవులు ఇందులకు తార్కాణము. నేపాళము ఆంగ్లేయుల పాలనలోనిది కాదు; అయినను వారి మైత్రి అచ్చటి రాణా ప్రభువులకు అవసరమై యుండెను.

1911 డిసెంబరున ఢిల్లీ దర్బారు జరిగిన పిమ్మట ఐదవ జార్జి చక్రవర్తి ఈ అడవులకు వేటకు వచ్చెను. ఆతిథ్య మిచ్చినవాడు ప్రధానమంత్రి చంద్ర శంషేర్ రాణా. వేటవిధాన మిట్టిది: రాత్రివేళ దూడలను ఎరగా కట్టుదురు. పులి ఎరను చంపి, తిని, సమీపమున పొదలలో పరుండును. తెల్లవారిన పిమ్మట ఏనుగులు ఆ చోటును వలయముగా చుట్టుముట్టును. వలయము బిగిసినకొలది పులి వెలికి దూకును. ఏనుగుపై నున్న అతిథి తుపాకి పేల్చును. పదిదినములలో 39 పులులు, 18 ఖడ్గమృగములు, 4 ఎలుగుబంట్లు కూలినవి. 1938-39లో వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చినపుడు జరిగిన వేటలో 120 పులులు, 38 ఖడ్గమృగములు హతమైనవి.

ఇంత సంహారము జరిగినను మృగజాతి అంతరింపకుండుటకు కారణ మేమి? అడవి చెక్కుచెదరక నిలుచుటయే. ఖడ్గమృగమును చంపు అధికారము ప్రభువులకే యుండెను. ఇతరులు చంపినచో కఠినశిక్ష. మలేరియా భయముచే పర్వతప్రాంతజనులు తరాయిలో స్థిరపడ వెనుదీయుచుండిరి. కనుక ఈ రక్షణమునకు మూలము దయ కాదు. తమ వేటకై మృగములను నిలుపుకొనవలెనను రాజస్వార్థము.

1951లో రాణాల పాలన అంతరించెను. అనంతరము డి.డి.టి. చల్లి మలేరియాను అణచిరి. భూమిలేని పేదలు కొండలనుండి దిగివచ్చి అడవిని పొలముగా మార్చిరి. 1960 దశకాంతమునకు చిత్వన్‌లో ఖడ్గమృగములు నూటికి దిగెను. రాజుల తుపాకులు చేయలేని నాశనమును నాగలి చేసినది. అయినను నాగలి పట్టినవాడు వినోదమునకై పట్టలేదు. ఈ భేదము మరువరానిది.

1973లో చిత్వన్ జాతీయోద్యానమైనది. 2021 గణనమున అచ్చట 694 ఖడ్గమృగములు లెక్కకు వచ్చినవి. ఇది కొనియాడదగిన ఫలితము. కాని ఇందులకై 1960 దశకముననే వేలాది జనులు అచ్చటినుండి తరలింపబడిరి. తరతరములుగా ఆ అడవినే నమ్ముకొని, రాజుల వేటలలో ఏనుగులను నడిపిన తారూ జనులకు కప్పుగడ్డి కోయుటకును అనుమతి కావలసివచ్చెను. మృగమును చూచు దృష్టి మారినది. అడవిపై హక్కు ఎవరిదను ప్రశ్న మాత్రము రాజులనాటి రీతినే నిలిచియున్నది.