ఒకటి పెరట్లో... ఒకటి ముప్పులో!

బిళ్ళగన్నేరు, సర్పగంధ రెండూ గన్నేరు కుటుంబం మొక్కలే. రెండూ ఆధునిక వైద్యానికి గొప్ప మందులిచ్చాయి. కానీ వాటి మనుగడ మాత్రం ఒకేలా లేదు.

బిళ్ళగన్నేరు: పుట్టిల్లు మడగాస్కర్. ఇప్పుడు మన పెరట్లో, రోడ్డు పక్కన ఎక్కడ చూసినా ఉంటుంది. గింజ రాలితే చాలు, మొలుస్తుంది. పిల్లల్లో రక్తక్యాన్సర్‌కు ఇచ్చే విన్‌క్రిస్టిన్‌ దీని ఆకుల్లోదే. ఈ మొక్కను ఎక్కడ చూసినా పెంచుతున్నారు కాబట్టి దానికి ముప్పు లేదు. ముప్పల్లా షుగర్‌ తగ్గుతుందని పరగడుపున ఆకులు నమిలేవారికే! క్యాన్సర్‌ కణాలను చంపే ఆ రసాయనాలు నరాలనూ, తెల్లరక్తకణాలనూ దెబ్బతీయగలవు.

సర్పగంధ: అడవుల్లో చెట్ల నీడన పెరిగే చిన్న మొక్క. బీపీపై దీని ప్రభావాన్ని ముంబయి వైద్యుడు రుస్తుం జాల్‌ వకీల్‌ 1949లో ప్రపంచానికి చాటారు. 1952లో దీని వేరు నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. దాంతో గిరాకీ పెరిగింది. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరు తవ్వితే మొక్కే పోతుంది. పైగా గింజలు సరిగా మొలకెత్తవు. అందుకే 1990లో దీన్ని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చారు.

ఈ వేరు పొడిని సొంతంగా వాడితే బీపీ, గుండె వేగం బాగా పడిపోవచ్చు. కుంగుబాటూ రావచ్చు. ఇప్పుడు ఇంతకంటే సురక్షితమైన బీపీ మాత్రలున్నాయి.

ఆకులో, పొడో ఇప్పటికే వాడుతుంటే డాక్టర్‌ దగ్గర దాచొద్దు. వాటిని నమ్మి బీపీ, షుగర్‌ మాత్రలు ఆపొద్దు. అడవి వేరు కొనకపోతే మీకూ మేలు, మొక్కకూ మేలు.