జైల్లో ఉన్నవారి ఆరోగ్యం: బయట ఉన్న కుటుంబం తెలుసుకోవలసినవి

జైలు మాట వస్తే మన ఇళ్లలో గొంతు తగ్గుతుంది. ఎవరింట్లోనైనా ఒకరు లోపలికి వెళ్లారంటే పెద్దలకు ముందు పరువు, తర్వాత వకీలు ఖర్చు గుర్తొస్తాయి. ఆ మనిషికి షుగర్ ఉంది, రోజూ మాత్ర వేసుకోవాలి అన్న సంగతి చాలా ఆలస్యంగా తడుతుంది. అందుకే కేసు మంచిచెడ్డలు పక్కన పెట్టి, లోపలి మనిషి ఆరోగ్యం, భద్రత ఎవరి బాధ్యతో, బయటి నుంచి మనం ఏం చేయవచ్చో ఇక్కడ రాస్తున్నాం.

ముందు కొన్ని లెక్కలు చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలో 1,330 జైళ్లు ఉన్నాయి. 4,36,266 మంది పట్టే ఆ జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అంటే వందమంది చోటులో 131 మంది. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, ఇంకా తీర్పు రానివారు. ఆ ఏడాది జైళ్లలో 1,995 మంది చనిపోగా, 1,773 మరణాలు సహజ మరణాలుగా నమోదయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం జబ్బుల వల్లే. ఆత్మహత్యలు 119. జైలంటే మనకు కొట్లాటల భయమే ఎక్కువ గానీ, ప్రాణం తీసేది చాలావరకు జబ్బేనని ఈ అంకెలు చెబుతున్నాయి.

బయట మనకు గుండెలో నొప్పి వస్తే ఆటో పిలుచుకుని ఆస్పత్రికి పోతాం. లోపల ఉన్నవారికి ఆ వీలు లేదు. ముందు వార్డర్‌కు చెప్పాలి, వార్డర్ జైలర్‌కు చెప్పాలి, జైలర్ డాక్టరుకు చెప్పాలి. పెద్దాస్పత్రికి పంపాలంటే పోలీసు ఎస్కార్ట్ కూడా కావాలి. ఈ వరసలో ఎక్కడ ఆగినా రోగం ముదురుతుంది.

రాష్ట్రానికో జైలు నియమావళి ఉన్నా, చాలాచోట్ల దానికి మూలం 1894 నాటి కారాగారాల చట్టం. కర్ణాటకకు 1963లో చేసుకున్న సొంత చట్టం ఉంది. 1894 చట్టంలో మనం గుర్తుంచుకోవలసిన సెక్షన్లు మూడు. 24వ సెక్షన్ ప్రకారం కొత్తగా వచ్చిన ఖైదీని వీలైనంత త్వరగా పరీక్షించి, ఆరోగ్యం ఎలా ఉందో, ఒంటి మీద గాయాలేమైనా ఉన్నాయో పుస్తకంలో రాయాలి. 37వ సెక్షన్ ప్రకారం డాక్టరును చూడాలని అడిగిన ఖైదీ పేరును ఆలస్యం చేయకుండా జైలర్‌కు తెలపాలి. 38వ సెక్షన్ ప్రకారం డాక్టరు ఇచ్చిన సూచనలు ఖైదీ హిస్టరీ టికెట్‌లో ఏ రోజుకారోజు ఎక్కాలి. అవి అమలయ్యాయో లేదో జైలర్ తారీఖుతో సహా రాయాలి.

గుమాస్తా పని చేసినవాళ్లకు దీని విలువ వెంటనే తెలుస్తుంది. మొదటి రోజు గాయం రాయించుకుంటే, అది లోపల తగిలిందా, అంతకు ముందే ఉందా అన్న తగాదా తర్వాత రాదు. అమలు కాలేదని రాసి ఉంటే, ఎందుకు కాలేదని కోర్టు అడగవచ్చు.

వీటన్నిటికీ పైన సూపరింటెండెంట్ ఉంటారు. జైలు నిర్వహణ బాధ్యత ఆయనదే. 2016 నమూనా జైలు మాన్యువల్ లెక్కన 300 మంది ఖైదీలకు ఒక డాక్టరు, ఆరుగురికి ఒక గార్డు ఉండాలి. సిబ్బంది ఖాళీలు నింపడం ప్రభుత్వం పని. ఉన్నవారితో రిజిస్టర్లు రాయించడం, వార్డు తిరిగి చూడడం, ఆస్పత్రి తారీఖు తప్పకుండా ఎస్కార్ట్ కోసం వెంటపడడం మాత్రం అధికారి చేతిలోనివి. రద్దీ తగ్గించడంలోనూ ఆయనకు బాధ్యత ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపిన విచారణ ఖైదీని బెయిలు మీద విడుదల చేయాలని సూపరింటెండెంటే కోర్టుకు దరఖాస్తు పెట్టాలి. మొదటిసారి కేసులో చిక్కినవారికి మూడో వంతు చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు.

ఇక మనం చేయవలసినవి.

మొదటి ములాఖత్ నాడే ఒక కాగితం ఇవ్వాలి. జబ్బు, మందు పేరు, మోతాదు, పడని మందులు అందులో రాసి, డాక్టరు చీటీ జిరాక్స్ జతచేయాలి. సూపరింటెండెంట్ పేరిట రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తారీఖుతో ముద్ర వేయించుకోవాలి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాలి. మందులు గుట్టుగా అందించే ప్రయత్నం వద్దు, జైలు డాక్టరు అనుమతితోనే ఇవ్వాలి.

జవాబు రాకపోతే వకీలు ద్వారా కోర్టులో వైద్యం కోసం అర్జీ వేయవచ్చు. వకీలు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. 1987 చట్టం 12వ సెక్షన్ కింద కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం ఉంది, ఆదాయం ఎంతైనా సరే. ఫోన్ నంబరు 15100.

ములాఖత్‌లో మనిషి మాట తగ్గినా, తిండి మానేశానన్నా, బతికి ఏం లాభం అన్నా, దిగులులే అని ఊరుకోకూడదు. అదే రోజు అధికారికి రాసి ఇవ్వాలి. దగ్గు వారాల తరబడి తగ్గకపోతే క్షయ పరీక్ష చేయించమని అడగాలి. కిక్కిరిసిన గదుల్లో అది ఒకరి నుంచి ఒకరికి త్వరగా పాకుతుంది. విడుదల రోజున వాడుతున్న మందుల వివరం అడిగి తీసుకోవాలి. క్షయ మందు మధ్యలో ఆపితే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది.

చివరగా భాష సంగతి. తరతరాలుగా ఇక్కడ ఉన్న మనకు కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో వచ్చు. నిన్నగాక మొన్న కూలికి వచ్చి కేసులో ఇరుక్కున్న తెలుగువాడికి రాదు. ఆయాసం, తిమ్మిరి, కళ్లు తిరగడం అతడు తెలుగులోనే చెబుతాడు, వినేవారికి అర్థం కాదు. అతడి భార్య ఊరి నుంచి ఫోన్ చేస్తే ఆ కాగితం ఇక్కడి భాషలో రాసిపెట్టగలిగేది మనమే. దానికి బంధుత్వం అక్కర్లేదు, అరగంట తీరిక చాలు. బళ్లారి, బరంపురం, పుళల్, ఎరవాడ వంటి జైళ్లున్న ఊళ్లలోని మన సంఘాలు ఇలా రాసిపెట్టడానికి ఇద్దరేసి సభ్యుల పేర్లు ఈ నెల సమావేశంలోనే ఖాయం చేసుకోవాలని కోరుతున్నాం.