పుట్టగొడుగుల పెంపకము: వేడుకయు రాబడియు



పుట్టగొడుగను మాటను విడదీసి చూడుడు. పుట్టమీద మొలచు గొడుగు అని యర్థము. చెదపురుగులు పుట్టలోపల నొకవిధమగు శిలీంధ్రమును తోటవలె పెంచి, దానివలన నాహారమును సమకూర్చుకొనును. వానలు పడినపుడు ఆ తోటనుండి పైకి పొడుచుకొనివచ్చువానినే మన పల్లెలలో ప్రీతితో నేరుకొందురు. అనగా ఈ వ్యవసాయమును మనుష్యునికంటె ముందు నేర్చినవి చెదలు. ఆ పుట్టమీది జాతిని పంటగా పండించు విద్య మనకు నేటికిని పట్టుబడలేదు. గడ్డిమీదను మ్రాకులమీదను పెరుగు జాతులు కొన్ని మాత్రము మనకు వశమైనవి. వానిని ఇంటిలో నొక మూల పెంచి నాలుగు రూపాయలు గడింపవచ్చునా యనునదియే నేటి ప్రసంగవిషయము.

ఉద్యోగవిరమణానంతరము నేనీ పనికి బూనుకొన్నప్పుడు మా యింట చిన్న కలహము జరిగినది. మనుస్మృతి ఛత్రాకమును ద్విజులకు నిషేధించినది. మా అక్కగారు దానిని వంటయింటి గడప దాటనీయలేదు. "పెంచుకొనుము నాయనా, అమ్ముకొనుము, నా పొయ్యిమీదికి మాత్రము తేవలదు" అని తీర్పు చెప్పినారు. ఆ తీర్పునకు లోబడి పెరటి కొట్టులో పని మొదలుపెట్టితిని. తినని యింట పండిన పంట గనుక, కొనువా రెవరన్న యాలోచన మొదటినుండియు తప్పలేదు. ఇప్పుడు చూడగా నాకు మేలు చేసినది ఆ నిషేధమే.

పుట్టగొడుగునకు పత్రహరితము లేదు. ఎండ సాయమున నాహారము తయారుచేసికొనలేదు. గడ్డిలోని పీచును జీర్ణించుకొని బ్రదుకును. కావున దీనికి పొలమక్కరలేదు, వరిగడ్డియే పొలము. అంగళ్లలో గుండీలవలె కనబడు తెల్లనిజాతికి కాయునపుడు 18 డిగ్రీలకు లోపలి చల్లదనము కావలయును. మన కోస్తాలో యంత్రము లేక అది సాధ్యము కాదు. ముత్యపుచిప్ప పుట్టగొడుగునకు 20 మొదలు 28 డిగ్రీలవరకు చాలును. మన కార్తీకమాసమునుండి మాఘమువరకు దానికి అనుకూలము. జర్మనీలో మొదటి ప్రపంచయుద్ధపు కఱవుదినములలో దీనిని పెంచుట నేర్చిరి. వేసవికి తగినది పాలపుట్టగొడుగు. ఇది మనదేశపు జాతియే. 1974లో పశ్చిమ వంగరాష్ట్రమునుండి దీనిని వర్ణించిరి. 30 మొదలు 35 డిగ్రీల వేడిమిలో చక్కగా పెరుగును గాని, గడ్డిపై శుద్ధిచేసిన మన్ను ఒక యంగుళమెత్తు కప్పవలయును. క్రొత్తవారు ముత్యపుచిప్పతో ప్రారంభించుట మేలు.

పద్ధతి యిది. క్రొత్త వరిగడ్డిని రెండంగుళముల ముక్కలుగా నరికి రాత్రియంతయు నీట నానవేయవలయును. మరునాడు 80 డిగ్రీల వేడినీటిలో గంటసేపుంచి, తీసి, శుభ్రమైన నీడపట్టున ఆరబెట్టవలయును. గుప్పెట బట్టి పిండినపుడు నీరు కారరాదు. అరచేయి మాత్రము చెమ్మగిల్లవలయును. జొన్నలమీదనో గోధుమలమీదనో పెంచిన శిలీంధ్రమునే విత్తనమందురు. కిలో యెండుగడ్డికి 100 గ్రాముల విత్తనము చొప్పున, పాలిథీన్ సంచిలో పొర గడ్డి, పొర విత్తనముగా నింపి, మూతి కట్టి, చిన్నరంధ్రములు పొడిచి చీకటిగదిలో నుంచవలయును. పదునైదిరువది దినములలో తెల్లని దారములు గడ్డినంతయు నల్లుకొనును. అటుపై వెలుతురును గాలియు వచ్చుచోటికి మార్చి, చుట్టును గోనెపట్టాలు కట్టి, దినమునకు రెండు మూడు మారులు నీరు చిలుకరించుచుండవలయును. మొగ్గ కనబడిన మూడు నాలుగు దినములకే కోత! పుట్టగొడుగులవలె పుట్టుకొనివచ్చినవని లోకమనును గాని, మూడు వారముల చీకటిపనిని ఎవ్వరును చూడరు. అంచులు ముడుచుకొనకముందే కోయుడు. ముదిరినచో సూక్ష్మబీజములు ధూళివలె రేగి కొందఱికి దగ్గును ఆయాసమును కలిగించును. కోయువారు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మంచిది.

నా మొదటి పది సంచులలో ఏడు ఆకుపచ్చ బూజు పట్టి పాడైనవి. కట్టెలు మిగుల్చుకొనదలచి అరగంటకే గడ్డిని తీసితిని. తడి యారకమునుపే సంచుల కెత్తితిని. ఇతరుల తప్పులు దిద్దుటలో ముప్పదియేండ్లు గడపిన నాకు, నా తప్పు కనుగొనుటకు రెండు పంటలు పట్టినది.

ఇక రాబడి. కిందటి కార్తీకమున ఇరువది సంచులు కట్టితిని. మూడు కాపులలో 12 కిలోలు వచ్చినవి. 9 కిలోలు కిలో 200 రూపాయల వంతున అమ్ముడుపోయి 1800 వచ్చినది. విత్తనమునకు, సంచులకు, వంటచెఱకునకు 700 పోగా 1100 మిగిలినది. అమ్ముడుపోని 3 కిలోలను ఎండబెట్టగా 300 గ్రాములైనవి. పుట్టగొడుగులో తొమ్మిదిపాళ్లు నీరే గదా! దినమునకు గంటచొప్పున ఏబది దినములు పని చేసితిని. గంటకెంత కూలి పడినదో లెక్కలు వచ్చిన శ్రోతలే కట్టుకొనుడు. ఇది వేడుకకు తోడైన రాబడియే గాని జీవనోపాధి కాదు.

ఈ మాట గట్టిగా చెప్పుటకు కారణము కలదు. నా పూర్వశిష్యుడొకడు, చిన్న జీతముపై బ్రదుకువాడు, ఒక వర్తకుని మాట నమ్మినాడు. విత్తనము తనవద్ద కొన్నచో పంటనంతయు తానే తిరిగి కొందునని ఆ వర్తకుడు పలికినాడట. శిష్యుడు దాచుకొన్న సొమ్ము పెట్టి వంద సంచులు కట్టినాడు. పంట దివ్యముగా వచ్చినది. వర్తకుని అంగడికి తాళము పడినది. మామూలు వేడిమిలో ఈ సరకు ఒకటి రెండు దినములకంటె నిలువదు. మూడవనాడతడు బుట్టలతో మా వాకిట నిలిచినప్పుడు వాని మొగము చూడలేకపోతిని. ఇద్దఱము వీధులు పంచుకొని తిరిగి కొంత యమ్మితిమి. తక్కినది పెంటకుప్ప పాలైనది. సేద్యములో వానికి పదికి పది మార్కులు. ఓడిపోయినది అమ్మకములో.

కావున నా సలహా యిది. విత్తుటకు మునుపే తినువానిని వెదకుడు. ఒక కాగితముపై, వారమున కొకమారు పావుకిలో కొందుమని యొప్పుకొన్న పది యిండ్ల పేర్లు వ్రాయుడు. ఆ పది పేర్లు దొరకకమునుపు విత్తనము తేవలదు. ఇరువది సంచులు ఒక్కనాడు కట్టక, వారమునకు ఐదుచొప్పున కట్టుడు. అప్పుడు పంట యొక్కసారి మీదపడదు. అప్పుచేసి పాక వేయవలదు. తిరిగికొను వాగ్దానమును నమ్మి సొమ్ము చెల్లింపవలదు. వ్యవసాయ విశ్వవిద్యాలయములందును, కొన్ని కృషి విజ్ఞాన కేంద్రములందును శిక్షణయు విత్తనమును దొరకును; హిమాచలప్రదేశమందలి సోలన్‌లో ఈ శాస్త్రమునకే ప్రత్యేకమైన జాతీయ పరిశోధనాలయము కలదు. పొలములలో మొలచిన గుర్తెఱుగని జాతులను మాత్రము కోసి తినవలదు, అమ్మవలదు. వానిలో ప్రాణము తీయునవి కలవు.

ఆ శిష్యుడు ఇప్పుడు వారమునకు ఐదే సంచులు కట్టుచున్నాడు. వాని జేబులో పదునాలుగు పేర్ల కాగితమున్నది. మా యింటి పొయ్యిమీదికి పుట్టగొడుగు నేటికిని రాలేదు. కాని మొన్న మా అక్కగారు కొట్టువైపు చూచి, "గురువారపు సంచులను ఇంకను తడుపలేదేమి నాయనా?" అని యడిగినారు.