తెలుసన్న సంగతి తెలియకపోయినా

మీలో సైకిలు తొక్కడం వచ్చినవాళ్ళు చెప్పండి. మంచి ఊపు మీద పోతున్నారు, కుడిపక్క సందులోకి తిరగాలి. హ్యాండిలు ముందు ఎటు తిప్పుతారు? "అదేం ప్రశ్న తాతయ్యా, కుడికే!" అంటారు. కాదర్రా. ముందు రవ్వంత ఎడమకి తిప్పుతారు. చక్రాలు కిందనుంచి ఎడమకి జరుగుతాయి, ఒళ్ళు కుడికి వాలుతుంది, అప్పుడు హ్యాండిలు కుడికి మళ్ళుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది కనక మన దృష్టికి రాదు. నమ్మకం లేకపోతే ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగంతో పోతూ కుడిచేతి పిడిని మెల్లిగా ముందుకి నెట్టి చూడండి. బండి కుడికే పోతుంది. (మెల్లిగా అన్నాను. మోకాళ్ళు చెక్కుకుపోయి వస్తే మీ అమ్మకి నా పేరు చెప్పకండి.)

విమానం ఎగరేసిన రైట్ సోదరుల్లో పెద్దవాడు విల్బర్ ఈ సంగతి గమనించాడు. డేటన్ ఊళ్ళో వాళ్ళది సైకిళ్ళ దుకాణమేగా! ఎడమకి ఎలా తిరుగుతారయ్యా అని డజన్లకొద్దీ జనాన్ని అడిగితే, మొదటిసారే పూర్తిగా సరైన జవాబు చెప్పినవాడు ఒక్కడూ లేడట. అందరూ సైకిలు తొక్కేవాళ్ళే.

మరి వాళ్ళకి సైకిలు తిప్పడం తెలుసా, తెలియదా? చేతులకి తెలుసు, నోటికి తెలియదు. "అది ఒంటికి పట్టిన అలవాటు, దాన్ని తెలివి అనకూడదు" అని కొట్టిపారేసే పెద్దమనుషులు ఉన్నారు. సరే, చేతుల సంగతి వదిలేద్దాం. కళ్ళ సంగతి చూద్దాం. కంటికి కనపడ్డదాన్ని తెలివి కాదని ఎవరూ అనరు కదా.

ఇంగ్లండ్‌లో ఒకాయన ఉండేవాడు. వైద్య పత్రికల్లో ఆయన పేరు డీబీ అని రెండక్షరాలే. మెదడు వెనక భాగంలో కుడివైపు రక్తనాళాలు చిక్కుపడి భరించలేని తలనొప్పి వస్తుంటే 1973లో ఆ ముక్క కోసి తీసేశారు. తలనొప్పి పోయింది, దాంతోపాటు ఎడమపక్క చూపూ పోయింది. కళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. కంటినుంచి వచ్చిన కబురు అందుకోవలసిన మెదడు ముక్కే లేదు. లారెన్స్ వైస్‌క్రాంజ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తోటివాళ్ళతో కలిసి, ఆయన్ని కూచోబెట్టి కనపడని పక్క దీపాలు మినుకుమినుకుమనిపించాడు. "ఏమైనా కనపడిందా?" "లేదు." "పోనీ, ఎక్కడ వెలిగిందో ఊహించి వేలు పెట్టండి." కనపడందే ఎలా పెట్టను అని ఆయనకి కాస్త విసుగు. బలవంతం మీద పెట్టాడు. వేలు సరిగ్గా దీపం ఉన్న దిక్కుకే పోయింది! ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. అడ్డగీతా నిలువుగీతా, సున్నానా ఇంటూ గుర్తా అని అడిగితే వాటికీ ఒప్పు సమాధానాలే. గుడ్డిగా చెబుతున్నానని డీబీ అనుకుంటున్నాడు. ఫలితాలు చూపించేసరికి ఆయనకే ఆశ్చర్యం.

1974లో ఇది అచ్చయింది. చూపు లేని ఈ చూపుకి గుడ్డిచూపు అని పేరు పడింది. కంటినుంచి బయల్దేరిన నరాల్లో ఎక్కువ భాగం మెదడు వెనక భాగానికి దారితీసినా, కొన్ని తిన్నగా మధ్యమెదడుకి పోతాయి. ఆ పాత దారి చెడలేదు కాబట్టి కబురు అందింది, యజమానికి మాత్రం చేరలేదు అని ఒక వివరణ. అబ్బే, ఆయనకి ఏ కాస్తో మసక చూపు మిగిలే ఉంటుంది, దాన్ని చూపు అనడానికి ఆయనకి ధైర్యం చాలలేదు అని ఇంకో పక్షం. ఈ తగువు ఇంకా తెగలేదు. అయితే 2008లో వచ్చిన కబురు చూస్తే నేను మొదటి పక్షం వైపే మొగ్గుతాను. టీఎన్ అనే ఇంకొకాయనకి బ్రెయిన్ స్ట్రోక్ రెండుసార్లు వచ్చి మెదడు వెనక భాగం రెండువైపులా పాడైపోయింది. చేతికర్ర లేనిదే బయటికి కదిలేవాడు కాదు. బియాట్రిస్ డి గెల్డర్ అనే శాస్త్రవేత్త బృందం ఒక వరండాలో చెత్తబుట్టా, కెమెరా స్టాండూ, అట్టపెట్టెలూ అడ్డదిడ్డంగా పెట్టి, కర్ర తీసేసుకుని, నడవమంది. పడిపోతే పట్టుకుందామని వెనకాలే ఒక ముసలాయన నడిచాడు. ఆయన ఎవరనుకున్నారు, వైస్‌క్రాంజే! పట్టుకోవలసిన అవసరం రాలేదు. టీఎన్ ఒక్కదానికీ తగలకుండా అటు ఒదిగి ఇటు ఒదిగి ఆ కొసకి చేరాడు. తాను దేన్నీ తప్పించుకున్నట్టు ఆయనకి తెలియనే తెలియదు.

చూపే కాదు, నేర్పూ ఇంతే. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి 1953లో మూర్ఛరోగం తగ్గించాలని చేసిన ఆపరేషన్‌లో కొత్త జ్ఞాపకాలు పోగుచేసే భాగం పోయింది. అప్పటినుంచి 2008లో పోయేదాకా అతనికి కొత్త జ్ఞాపకమంటూ దాదాపు ఏదీ నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే ఆవిడ అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. రెండు గీతల మధ్య సందు, అందులోంచి పెన్సిలు పోవాలి. చేతిని నేరుగా చూడకూడదు. మీరూ గీసి చూడండి, చెయ్యి ఎటు పోనిస్తే ఎటు పోతోందో తెలియక తల తిరుగుతుంది. మూడు రోజులు గీశాడు. రోజురోజుకీ తప్పులు తగ్గాయి. మూడోరోజు చకచకా గీసేశాడు. ఈ పని ఇంతకుముందు ఎప్పుడైనా చేశావా అంటే, లేదనే అతని మాట. కష్టమనుకున్నాను గాని బాగానే వచ్చిందే అని తనలో తనే విస్తుపోయాడని మిల్నర్ చెప్పేది.

తెలియడం, తెలుసని తెలియడం రెండూ ఒకటేనా అన్న ఈ పేచీ మనవాళ్ళకి కొత్త కాదు. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహం రాశాడు. చిన్న పుస్తకం, పిల్లలకి తర్కం మొదలుపెట్టేది దానితోనే. దానికి తానే దీపిక అని వ్యాఖ్య కూడా రాసుకున్నాడు. ఆయనది న్యాయశాస్త్రం బాట. ఎదురుగా కుండ కనపడింది. 'ఇది కుండ' అన్నది మొదటి జ్ఞానం, దాన్ని వ్యవసాయం అంటారు. (దుక్కికీ దీనికీ సంబంధం లేదు.) ఆ వెనక 'కుండని తెలుసుకుంటున్నాను' అని ఇంకొకటి కలుగుతుంది, అది అనువ్యవసాయం. నైయాయికుల లెక్కలో ఇవి రెండు వేరువేరు జ్ఞానాలు. ప్రభాకర మీమాంసకులూ అద్వైతులూ ఒప్పుకోరు. జ్ఞానం కలగడమే తనకు తాను తెలియడం, రెండోదెందుకు అంటారు. డీబీని చూపిస్తే నైయాయికుడు మీసం మెలేసేవాడని నా అనుమానం. మొదటిది ఉంది, రెండోది లేదు! అయితే ఎంత చెప్పినా జ్ఞానం ఆత్మకి గుణమనే వాళ్ళంటారు, రాయికీ యంత్రానికీ అంటగట్టనివ్వరు. అది వేరే తగువు.

మరి ఆ రెండోది లేనందువల్ల డీబీకి వచ్చిన నష్టమేమిటి? ఇక్కడే అసలు కీలకం ఉంది. ఎవరో బలవంతపెడితే తప్ప ఆయన చెయ్యి కనపడని పక్కకి పోదు. దాహమేసినా, నీళ్ళగ్లాసు ఎడమపక్క ఉంటే దానికోసం తనంతట తాను చెయ్యి చాచడు. లేదనుకున్నదాన్ని ఎవడు అందుకుంటాడు? ఇనప్పెట్టెలో డబ్బుంది, చిట్టాకి ఎక్కలేదు అనుకోండి. లెక్కలో లేని డబ్బుతో షావుకారు సరుకు కొనడు, అప్పు తీర్చడు, ఎవరికైనా ఇద్దామనీ అనుకోడు. తెలిసినదాన్ని ఒక పనినుంచి ఇంకో పనికి మళ్ళించడం, అనుమానించి సరిచూసుకోవడం, పక్కవాడికి నేర్పడం, ఇవన్నీ చిట్టాకి ఎక్కాకే. స్పృహ చేసే ఉపకారం ఇదేనని నా మతం.

మా మనవరాలు ఇదంతా విని, "అయితే తాతయ్యా, ఈగల్ని పట్టే మొక్కకీ తెలుసా?" అంది. వీనస్ ఫ్లైట్రాప్ సంగతి. దాని ఆకు మీద సన్నటి నూగు వెంట్రుకలుంటాయి. ఒకసారి తగిలితే ఊరుకుంటుంది. సుమారు 20 సెకన్లలోపు రెండోసారి తగిలితేనే ఆకు మూస్తుంది. వానచినుక్కి మోసపోకుండా అదో జాగ్రత్త. లెక్కపెడుతోంది, ఒప్పుకున్నాను. కానీ ఆ లెక్క ఆకు మూయడానికీ, పట్టినదాన్ని అరిగించుకోవడానికీ తప్ప మరి దేనికీ ఉపయోగపడదు. దానికి తెలుసు అనడానికి నాకు నోరు రాదు.

యంత్రాల సంగతి అంత తేలిక కాదు. 2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో అనే ప్రోగ్రాము గో అనే పావుల ఆటలో మహామహుడు లీ సెడోల్‌ని 4-1తో ఓడించింది. రెండో ఆటలో అది పెట్టిన 37వ ఎత్తు చూసి, పొరపాటేమో అనుకున్న పండితులే తర్వాత ఆహా అన్నారు. ఆ యంత్రానికి గో తెలియదంటే లీ సెడోలే ఒప్పుకోడు. అలాంటిదే కాటాగో అనే ఇంకో ప్రోగ్రాము ఉంది. 2023లో ఒక అమెరికన్, ఆటే వృత్తిగా ఉన్నవాడు కూడా కాదు, దానిమీద 15 ఆటల్లో 14 గెలిచాడు. కిటుకు ఏమిటంటే, దాని పావుల గుంపుని చుట్టూ వలయంగా మెల్లిగా ముట్టడించడం, మధ్యమధ్య ఇంకో మూల దృష్టి మళ్ళించడం. ఓ మాదిరి ఆటగాడికి కూడా కంటికి కనపడే ముట్టడి. మీద పడేదాకా యంత్రానికి పట్టలేదు. ఆట తెలుసు, తనకి ఎక్కడ తెలియదో తెలియదు.

తనకి ఏం తెలుసో, ఏం తెలియదో చెప్పే ఆ చిట్టా కూడా యంత్రం రాసుకునే రోజు రావచ్చు. అప్పుడు లోపల ఎవరైనా ఉన్నట్టా, లేక చిట్టా ఉండి షావుకారు లేనట్టా? ఈ ప్రశ్నకి ఏ ప్రయోగశాలా ఇంకా జవాబు చెప్పలేదు. 'తెలుసా' అన్నది ఒక ప్రశ్న, 'లోపల ఎవరైనా ఉన్నారా' అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదాన్ని పరీక్ష పెట్టి తేల్చుకోవచ్చు. డీబీకి వైస్‌క్రాంజ్ పెట్టింది అలాంటి పరీక్షే. రెండోదానికి పరీక్ష ఎలా పెట్టాలో మీ తరం కనిపెట్టాలి.

"మరి మన ఫోనులో అడిగినవన్నీ చెప్పే ఆ యంత్రానికి తెలుసా, తెలియదా, ఒక్కమాటలో చెప్పు" అని పట్టుబట్టింది మనవరాలు. చాలా సంగతులు తెలుసమ్మా అన్నాను. కానీ నా బీపీ మాత్రలు పొద్దున ఒకటా రెండా అన్నది మాత్రం డాక్టరునే అడుగుతాను.