మొద్దు అన్న మాట

లెక్కల్లో తొంభై మార్కులొస్తే ఒక అమ్మాయి “ఈసారి పేపరు ఈజీగా ఇచ్చారు” అంటుంది. నలభై వస్తే “నేను మొద్దునని నాకు ముందే తెలుసు” అంటుంది. మంచి మార్కులు పేపరు ఖాతాలోకి పోతాయి, చెడ్డవి తన ఖాతాలో పడతాయి. ఇలాంటి పద్దు ఎన్నేళ్లు రాసినా “మొద్దు” అన్న మాట చెక్కుచెదరదు.

ఈ పద్దును మొదట పట్టుకున్నవాళ్లలో ముఖ్యుడు ఫిలడెల్ఫియాకు చెందిన మానసిక వైద్యుడు ఆరన్ బెక్ (1921–2021). ఆయన ఫ్రాయిడ్ పద్ధతిలో శిక్షణ పొందినవాడు. కుంగుబాటు అంటే మనిషి తన మీదకే తిప్పుకున్న కోపమని నిరూపించాలని రోగుల కలల్లో వెతికాడు. అనుకున్నంత కోపం అక్కడ దొరకలేదు. ఓడిపోవడం, పోగొట్టుకోవడం, ఎవరికీ అక్కర్లేకుండా పోవడం దొరికాయి. మెలకువలోనూ వాళ్లు తమ గురించి అలాగే అనుకుంటున్నారు. నమ్మిన సిద్ధాంతాన్ని పక్కనపెట్టి రోగి మాట వినడానికి సిద్ధపడ్డాడు చూడండి, అది నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. 1960లలో ఆయన రూపొందించిన చికిత్స అక్కడినుంచే పుట్టింది.

ఆ దారిలోనే పనిచేసిన మనస్తత్వవేత్త క్రిస్టీన్ పడెస్కీ ఇలాంటి నమ్మకాన్ని దురభిప్రాయంతో పోల్చింది. ఫలానా ఊరివాళ్లు పిసినారులని నమ్మినవాడు, ఆ ఊరి దాత ఎదురైతే “ఈయన వేరులే” అంటాడు, నమ్మకం మాత్రం మార్చుకోడు. మన మీద మనకున్న దురభిప్రాయమూ అంతే.

మరి “నేను తెలివైనదాన్ని” అని రోజూ అద్దం ముందు చెప్పుకుంటే? కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోవాన్ వుడ్ బృందం 2009లో ఇలాంటిదే పరీక్షించింది. తమ మీద తమకు గౌరవం తక్కువున్నవాళ్లు “నేను ప్రేమకు తగిన మనిషిని” అని పదేపదే అనుకున్నాక ఇంకా దిగులుపడ్డారు. నమ్మలేని పొగడ్త వినగానే లోపలినుంచి ఎదురుమాట లేస్తుంది.

అందుకే వైద్యులు ఒక నోటుబుక్కు పెట్టమంటారు. నమ్మకానికి సరిపోనిది ఎంత చిన్నదైనా అందులో రాయాలి: చెల్లికి భిన్నాలు అర్థమయ్యేలా చెప్పడం, కూరగాయల లెక్కలో తప్పు పట్టుకోవడం. మొదట్లో ఏమీ కనిపించదు, పక్కన ఇంకొకరు చూపించాలి. నెలలు పడుతుంది. “మొద్దా, కాదా” అని అడగడం మాని, సున్నా నుంచి వంద దాకా గీత గీసి తనెక్కడుందో గుర్తు పెట్టమనడం ఇంకో పద్ధతి. సున్నా దగ్గరే నిలబడ్డానని తనకు తానే చెప్పుకోవడం అప్పుడు కష్టమవుతుంది.

పాత నమ్మకం పూర్తిగా చెరిగిపోతుందని మాత్రం ఆశపడకూడదు. సంకేతం తర్వాత తిండి వస్తుందని నేర్చుకున్న, రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కలకు తిండి పెట్టకుండా సంకేతం మాత్రమే ఇస్తూపోతే లాలాజలం ఆగిపోయింది. కొంత విరామం తర్వాత అదే సంకేతానికి మళ్లీ ఊరింది. పాత నేర్పు అడుగున ఉండనే ఉంది. పరీక్ష రోజు పొద్దున “మొద్దు” మళ్లీ వినిపిస్తే ఇన్నాళ్ల శ్రమ వృథా అయిందని కాదు.

ఆ పూటకు పనికొచ్చే ఉపాయం ఒకటుంది. ఏ మాటనైనా గబగబా పదేపదే అంటే అర్థం జారిపోయి చప్పుడే మిగులుతుందని వందేళ్ల కిందటే మనస్తత్వవేత్త టిచనర్ గమనించాడు. తమను నొప్పించే ఒక్క మాటను దాదాపు 30 సెకన్లు అలా పలికినవాళ్లకు బాధా తగ్గింది, ఆ మాట మీద నమ్మకమూ తగ్గింది. 2004లో మనస్తత్వవేత్తలు అకిహికో మసుదా, స్టీవెన్ హేస్ బృందం ఇది చూపించింది. తలుపేసుకుని “మొద్దు మొద్దు మొద్దు” అని పైకే అనండి.

చచ్చిపోవాలన్న ఆలోచన దాకా వెళ్తే మాత్రం ఈ ఉపాయాలతో ఒంటరిగా కూర్చోవద్దు. ఇంట్లో ఒకరికి చెప్పండి, ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.